గోల్కొండ ఖుత్బా నుంచి పీర్ల సావిడి దాకా: షియా, సున్నీ రాజ్యాల పోటీ దక్కను సంస్కృతిని ఎలా మార్చింది? తరచుగా అడిగే ప్రశ్నలు

మొహర్రం పదో రోజున హైదరాబాదు పాతబస్తీలోని దబీర్‌పురా నుంచి ఏనుగు మీద బీబీకా ఆలం అనే పవిత్ర జెండా బయలుదేరి చాదర్‌ఘాట్ వైపు సాగుతుంది. వెంట నడిచేవారు నల్లబట్టలు కట్టి, గుండెలు బాదుకుంటూ విలపిస్తారు. అదే మొహర్రంలో అనంతపురం జిల్లా నార్పల మండలంలోని గూగూడులో కుళ్ళాయి స్వామి పీరు (ఆలంకు పల్లెల్లో పేరు) లేస్తుంది. అక్కడికి హిందువులు పెద్ద సంఖ్యలో మొక్కులు తీర్చుకోవడానికి వస్తారు, ఊరంతా జాతరలా ఉంటుంది. ఈ రెండు చోట్లా స్మరించేది ఒకే మరణాన్ని, ప్రవక్త మనుమడు ఇమాం హుసేన్ మరణాన్ని. అయినా ఒక చోట శోకం, మరొక చోట పండుగ ఎందుకు నిలిచాయో తెలియాలంటే, షియా రాజ్యమైన గోల్కొండకూ సున్నీ సామ్రాజ్యమైన మొగలులకూ నడుమ పదిహేడో శతాబ్దంలో సాగిన పోటీని తెలుసుకోవాలి.

షియాలకూ సున్నీలకూ భేదం ఎక్కడ మొదలైంది?

ముహమ్మద్ ప్రవక్త 632లో మరణించిన తరువాత ముస్లిం సమాజానికి నాయకుడెవరన్న ప్రశ్న దగ్గర మొదలైంది. ప్రవక్తకు తండ్రి సోదరుని కొడుకూ అల్లుడూ అయిన అలీకే ఆ హక్కు దక్కాలన్నవారు షియాలు. అబూబకర్, ఉమర్, ఉస్మాన్, అలీ అనే నలుగురు ఖలీఫాలను ఆ వరుసలోనే అంగీకరించినవారు సున్నీలు. 680లో అలీ కుమారుడు ఇమాం హుసేన్ కర్బలా మైదానంలో కొద్దిమంది అనుచరులతో కలిసి ప్రాణాలు కోల్పోయాడు. ఆ రోజు మొహర్రం నెల పదో తేదీ. హుసేన్ మీద గౌరవం, ప్రేమ సున్నీలకూ ఉన్నాయి. అయితే ఆ మరణాన్ని ఏటేటా శోకంగా ఆచరించడం షియాల మతజీవితానికి మూలస్తంభమైంది. వారిలో అధికసంఖ్యాకులు అలీతో మొదలయ్యే పన్నెండుమంది ఇమాములను, అంటే మతనాయకులను, నమ్ముతారు. ఈ 'పన్నెండు'కూ ఆ 'నలుగురి'కీ మధ్య పోటీ గోల్కొండ మసీదుల దాకా ఎలా వచ్చిందో కింద చూస్తాం.

ఈ మతభేదం రాజ్యాల మధ్య పోటీగా ఎప్పుడు మారింది?

అంతకు ముందూ షియా రాజవంశాలు ఉన్నాయి. కాని మన ప్రాంతానికి సంబంధించినంతవరకు 1501 నిర్ణాయకమైన సంవత్సరం. ఆ ఏడాది తబ్రీజులో సింహాసనమెక్కిన షా ఇస్మాయిల్, అప్పటికి ఎక్కువగా సున్నీ దేశమైన ఇరాన్‌లో పన్నెండు ఇమాముల షియా మార్గాన్ని రాజ్యమతంగా ప్రకటించాడు. పడమటి పొరుగున ఉన్న ఒట్టోమన్ తుర్కులు సున్నీలు. 1514లో చాల్దిరాన్ దగ్గర వారు ఇస్మాయిల్‌ను ఓడించారు. బాగ్దాదు నగరం 1508లో ఇస్మాయిల్ వంశమైన సఫవీల చేతికి, 1534లో ఒట్టోమన్ల చేతికి, 1620లలో తిరిగి సఫవీల చేతికి, 1638లో మళ్ళీ ఒట్టోమన్ల చేతికి మారింది. నగరం చేతులు మారినప్పుడల్లా ఏ మహనీయుని సమాధికి గౌరవం దక్కాలన్నది కూడా మారేది. ఇస్మాయిల్ కాలంలో దెబ్బతిన్న సున్నీ ధర్మశాస్త్రవేత్త ఇమాం అబూ హనీఫా సమాధిని ఒట్టోమన్ సుల్తాను సులేమాన్ తిరిగి కట్టించాడు.

ఈ పోటీ మనుషులను ఊళ్ళు దాటించింది. కొత్త మతాన్ని బోధించడానికి ఇరాన్‌లో తగినంతమంది షియా పండితులు లేనందున సఫవీలు నేటి లెబనాన్‌లోని జబల్ ఆమిల్ కొండప్రాంతం నుంచి వారిని పిలిపించుకున్నారు. ఆ కొండల కుటుంబాలలో ఒకదానికి చెందిన ఇబ్న్ ఖాతూన్ పదిహేడో శతాబ్దంలో గోల్కొండ సుల్తానుకు పీష్వా, అంటే ప్రధానమంత్రి, అయ్యాడు. లెబనాన్ కొండలకూ మూసీ ఒడ్డుకూ ఇంత దగ్గర సంబంధం ఉందంటే చాలామంది నమ్మరు.

ఇరాన్ మార్పు తెలుగు నేలకు ఎలా చేరింది?

గోల్కొండ రాజ్యాన్ని స్థాపించిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చిన తుర్కమాను. బహమనీల కొలువులో చేరి, తెలంగాణకు పాలకుడై, 1518 ప్రాంతంలో స్వతంత్రుడయ్యాడు. అతడు మొదటి నుంచి షియా. దక్కనులో బీజాపూరు సుల్తాను యూసుఫ్ ఆదిల్ షా అంతకుముందే షియా మార్గాన్ని ప్రకటించాడు. అహమద్‌నగరులో బుర్హాన్ నిజాం షా 1537లో ఆ మార్గంలోకి వచ్చాడు. బీజాపూరు మాత్రం ఒక సుల్తాను షియా, తరువాతివాడు సున్నీ అన్నట్టుగా ఊగిసలాడింది. కడదాకా షియాగానే నిలిచినది గోల్కొండ. అక్కడ శుక్రవారం ప్రార్థనలో పన్నెండు ఇమాముల పేర్లతో పాటు ఇరాన్ షా పేరు కూడా చదివేవారు.

రెండో దారి సముద్రం. మచిలీపట్నం రేవు నుంచి కలంకారీ బట్టలు, తదితర సరుకులు పర్షియా గుండా పడమటికి వెళ్ళేవి. ఆ ఓడలలోనే ఇరానీ వర్తకులు, వైద్యులు, కవులు, లేఖకులు ఇటు వచ్చేవారు. ఇరానీ కొనుగోలుదారుల అభిరుచికి తగ్గట్టు సైప్రస్ చెట్టు, మిహ్రాబ్ (మసీదు గోడలోని కమాను గూడు) ఆకారపు చట్రం, వంపు తిరిగిన పూలతీగ మన అద్దకపు పనిలోకి వచ్చి స్థిరపడిపోయాయి. వలస వచ్చినవారిలో ముఖ్యుడు అస్తరాబాదుకు చెందిన మీర్ మోమిన్. సఫవీ ఆస్థానంలో రాకుమారునికి చదువు చెప్పినవాడు గోల్కొండకు వచ్చి పీష్వా అయ్యాడు, 1591లో మొదలైన హైదరాబాదు నగర రచనలో ప్రధానపాత్ర వహించాడు. కొత్త నగరం పేరులోని 'హైదర్' అన్నది ఇమాం అలీకి గల బిరుదు. భాగమతి కథను నమ్మేవారు నమ్మవచ్చు గాని, పేరులోని ఈ షియా ధ్వనిని ఆనాటి వినికరి పోల్చుకోకుండా ఉండడు.

ఖుత్బాలో ఎవరి పేరు చదువుతారన్నది అంత పెద్ద విషయమా?

ఖుత్బా అంటే శుక్రవారం ప్రార్థనలో చేసే ప్రసంగం. వార్తాపత్రిక, రేడియో లేని కాలంలో ఒక ఊరి ముస్లిం మగవారందరూ వారానికోసారి ఒకచోట చేరి వినే అధికారిక ప్రకటన అది. అందులో వినబడే పేరుకూ నాణెం మీద కనబడే పేరుకూ విలువ ఒక్కటే. ఈ నేల ఎవరిదో ఆ పేరే చెబుతుంది. 1636లో షాజహాన్ దక్కనుకు వచ్చి దౌలతాబాదులో మకాం చేసి, గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాకు పంపిన షరతులను ఈ దృష్టితో చదవాలి. పన్నెండు ఇమాముల పేర్లు తీసేసి నలుగురు ఖలీఫాల పేర్లు చదవాలి. ఇరాన్ షా పేరుకు బదులు షాజహాన్ పేరు ఉండాలి. నాణేలు మొగలు పాదుషా పేర ముద్రించాలి. ఏటా రెండు లక్షల హొన్నులు చెల్లించాలి. ప్రవక్త సహచరులను బహిరంగంగా నిందించే ఆచారాన్ని రాజ్యంలో సహించకూడదన్న హెచ్చరిక కూడా వచ్చింది. అబ్దుల్లా ఒప్పుకున్నాడు. ఆ ఒప్పందాన్నే 'ఇన్‌కియాద్ నామా', అంటే విధేయతా పత్రం, అంటారు.

ఇందులో మతం ఎంత, రాజనీతి ఎంత అని విడదీయడం కష్టం. మొగలులకూ సఫవీలకూ కాందహారు కోట కోసం తగాదా ఆగకుండా నడుస్తున్న రోజులవి. 1622లో షా అబ్బాస్ దానిని గెలుచుకున్నాడు, 1638లో షాజహాన్ తిరిగి సంపాదించాడు, 1649లో మళ్ళీ ఇరాన్ పాలైంది. తన రాజ్యానికి దక్షిణాన ఉన్న చిన్న సుల్తాను ప్రతి శుక్రవారం తన ప్రత్యర్థి పేరు చదివిస్తున్నాడంటే పాదుషాకు అది ప్రార్థనలా వినబడదు, పొరుగింట్లో శత్రువు జెండా ఎగిరినట్టే ఉంటుంది. నా ఉద్దేశంలో 1636 షరతులలో షాజహాన్‌కు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇరాన్ షా పేరు తొలగింపే. నలుగురు ఖలీఫాల పేర్లు ఆ కోరికకు మతగౌరవాన్ని తొడిగాయి.

మరి గోల్కొండ తన షియా స్వభావాన్ని అప్పుడే వదులుకుందా?

లేదు. ఆ ఒప్పందం మసీదులోని మాటలను మార్చింది, ఆషూర్‌ఖానాను ముట్టలేదు. ఆషూర్‌ఖానా అంటే మొహర్రం రోజులలో ఆలంలను నిలిపి కర్బలా అమరులను స్మరించే భవనం. ఆలం అంటే లోహంతో చేసిన, చాలాసార్లు అరచేయి ఆకారంలో ఉండే జెండా శిఖరం. దాని అయిదు వేళ్ళూ ప్రవక్తకూ, అలీకీ, ఫాతిమాకూ, హసన్, హుసేన్‌లకూ గుర్తులు. ముహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినారుకు దగ్గరలోనే 1590లలో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా కట్టించాడు. దాని గోడలకు ఇరానీ పద్ధతిలో నీలం, పసుపు, ఆకుపచ్చ మెరుగుపలకలు అతికించే పని 1611 దాకా సాగింది. మొహర్రం మొదటి రాత్రి ఒక వరుస దీపాలు, రెండో రాత్రి రెండు వరుసలు, ఇలా పదో రాత్రికి గోడంతా వెలిగేలా అమర్చేవారట. సుల్తాను రాజదుస్తులు వదిలి నల్లబట్టలు ధరించేవాడు. మద్యం, మాంసం, తాంబూలం నగరంలో ఆ రోజులలో నిషిద్ధం.

అబ్దుల్లా కాలంలో, అంటే ఖుత్బా మార్చుకున్న సుల్తాను కాలంలోనే, ఈ ఆచారాలు మరింత వైభవం పొందాయి. ఇది తమాషాగా కనిపిస్తుంది గాని ఆలోచిస్తే సహజమే. శుక్రవారం తన మాట తనది కాకుండా పోయిన రాజు, ఏడాదికి పది రోజులైనా తన రాజ్యం ఎవరిదో వీధిలో చూపించుకోవాలనుకున్నాడు. అబ్దుల్లా తల్లి హయాత్ బక్షీ బేగం ప్రతిష్ఠించిన బీబీకా ఆలంలో ఫాతిమాకు చివరి స్నానం చేయించిన చెక్కపలక ముక్క ఉందని భక్తుల విశ్వాసం. మదపుటేనుగు మీద చిక్కుకున్న కొడుకు క్షేమంగా తిరిగి వస్తే బంగారు గొలుసు సమర్పిస్తానని ఆ తల్లే హుసేనీ ఆలంకు మొక్కుకుందన్న కథ నుంచి 'లంగర్' ఊరేగింపు పుట్టింది. ఈ పది రోజుల కోసం కవులు దక్కనీ భాషలో, అంటే ఇక్కడి పాత ఉర్దూలో, మర్సియాలు రాశారు. పారసీకం ఆస్థానానిదైతే, ఏడుపుకు బజారు భాష కావలసి వచ్చింది. దక్కనీకి సాహిత్య గౌరవం దక్కడానికి ఈ శోకగీతాలు ఒక ముఖ్యకారణమని నేననుకుంటాను.

ఇరానీల ప్రాబల్యం పెరిగితే తెలుగు వెనకబడి ఉండాలి కదా?

వెనకబడలేదు. ఇబ్రహీం కుతుబ్ షా యువకుడిగా అన్న జంషీదుకు భయపడి విజయనగరంలో అళియ రామరాయల దగ్గర ఏడేళ్ళు తలదాచుకున్నాడు. 1550లో సింహాసనమెక్కాక తెలుగు కవులకు 'మల్కిభరాముడు' అయ్యాడు. అద్దంకి గంగాధర కవి అతనికి కావ్యం అంకితమిచ్చాడు. అతని అధికారి అమీన్ ఖాను పొన్నెగంటి తెలగన చేత అచ్చ తెలుగు కావ్యాన్నే రాయించుకున్నాడు. సుల్తానుల ఫర్మానాలలో పారసీకం పక్కన తెలుగు నిలిచేది. చివరి సుల్తాను తానీషా దగ్గర మాదన్న, అక్కన్న మంత్రులు. కూచిపూడి భాగవతులకు అగ్రహారమిచ్చింది కూడా తానీషాయేనని వాడుక.

దీనికి ఉదారబుద్ధి ఒక్కటే కారణమనడం అమాయకత్వం. ఉత్తరాన ప్రబల సున్నీ సామ్రాజ్యం, రాజ్యంలో షియాలు గుప్పెడు మంది, ముస్లింలలోనే ఎక్కువమంది సున్నీలు. అటువంటి సుల్తానుకు స్థానికుల మద్దతు లేకపోతే కోట నిలవదు. నాయకులు, కరణాలు, కోమట్లు, కవులు అతనికి అలంకారం కాదు, అవసరం. అలాగని మతం రాజుల స్నేహాలను ఎప్పుడూ నిర్ణయించలేదు. ఆశ్రయమిచ్చిన రామరాయల మీదనే 1565లో ఇబ్రహీం ఇతర సుల్తానులతో కలిసి యుద్ధం చేశాడు. అంతకుముందు షియా అహమద్‌నగరూ షియా బీజాపూరూ రామరాయలను పిలుచుకుని మరీ కొట్టుకున్నాయి.

1687లో ఔరంగజేబు గోల్కొండను గెలవడం సున్నీల మతయుద్ధమేనా?

ఔరంగజేబు అలా చెప్పుకున్నాడు. గెలిచిన హైదరాబాదుకు అతడు పెట్టిన పేరు 'దారుల్ జిహాద్', ఆ పేరుతోనే ఇక్కడి టంకసాలలో నాణేలు ముద్రించాడు. బ్రాహ్మణ మంత్రులకు అధికారం అప్పగించడం, శివాజీ వంశానికి డబ్బు సాయం చేయడం, పాపాచారం అనేవి తానీషా మీద అతని అభియోగాలు. శివాజీ 1677లో గోల్కొండకు వచ్చి తానీషాతో ఒప్పందం చేసుకున్న మాట నిజం. మాదన్న, అక్కన్నలను 1686లో వీధిలో చంపేశారు, అయినా యుద్ధం ఆగలేదు.

మొగలుల ఆస్థానంలోనే ఈ యుద్ధం ధర్మసమ్మతమా అన్న సందేహం ఉండేది. సామ్రాజ్యపు ప్రధాన ఖాజీ షేక్-ఉల్-ఇస్లాం, ముస్లిం సుల్తానుల మీద యుద్ధానికి శాస్త్రసమ్మతి ఇవ్వడానికి ఇష్టపడక పదవి వదిలి మక్కా యాత్రకు వెళ్ళిపోయాడు. మొగలు సైన్యంలో ఇరానీ షియా సేనానులు ఎంతోమంది ఉన్నారు. గోల్కొండ కోటలో షియా సుల్తాను పక్షాన చివరిదాకా పోరాడినవాడు సేనాని అబ్దుల్ రజాక్ లారీ. కోట తలుపు తెరిచినవాడు మాత్రం లంచం తిన్న పఠాను సర్దారు. ముట్టడి సుమారు ఎనిమిది నెలలు సాగి సెప్టెంబరు 21న ముగిసింది. కృష్ణా తీరంలోని కొల్లూరు వజ్రాల గనులు, బకాయిపడ్డ కప్పం, మరాఠాల భయం లెక్కలోకి తీసుకోకుండా ఈ యుద్ధాన్ని అర్థం చేసుకోలేము. మతం ఆ కారణాలకు భాషనిచ్చింది.

గెలిచిన తరువాత ఏమి మారింది?

తానీషా దౌలతాబాదు కోటలో బందీగా 1699లో మరణించాడు. ఆషూర్‌ఖానాలకు రాజాదరణ ఆగిపోయింది. బాద్‌షాహీ ఆషూర్‌ఖానాను బండ్లు, గుర్రాలు ఉంచే చోటుగా వాడారని చెబుతారు. ఉత్తరాది ఉద్యోగులు వచ్చారు. రాజధాని గౌరవం ఔరంగాబాదుకు తరలిపోయింది, దక్కనీ కవులూ అటే నడిచారు. ఆ ఔరంగాబాదు కవి వలీయే తరువాత ఢిల్లీ వారికి తమ ఉర్దూలో కవిత్వం రాయవచ్చునన్న ధైర్యమిచ్చాడు. గోల్కొండ పతనంతో తెలుగుకు దక్కే దర్బారు ఆదరణా క్షీణించింది.

అన్నీ కూలగొట్టలేదు. ముహమ్మద్ కుతుబ్ షా పునాది వేసిన మక్కా మసీదు నిర్మాణాన్ని 1694లో పూర్తి చేయించింది ఔరంగజేబే. గోల్కొండ సమాధుల నల్లరాతి మీద పన్నెండు ఇమాముల పేర్లు చెక్కి ఉన్నాయి, వాటిని ఎవరూ చెరిపివేయలేదు. ఔరంగజేబు కొడుకు బహదూర్ షా తన హయాంలో ఖుత్బాలో అలీకి 'వసీ', అంటే ప్రవక్త వారసుడు, అన్న మాట చేర్చమని ఆజ్ఞాపించగా లాహోరులో సున్నీలు తిరగబడ్డారు, ఆజ్ఞ వెనక్కి తీసుకోక తప్పలేదు. తండ్రి పన్నెండు పేర్లున్న రాజ్యాన్ని జయిస్తే, పాతికేళ్ళు తిరగకుండానే కొడుకు ఒక్క మాట చేర్చలేకపోయాడు.

నిజాములు సున్నీలు కదా, మరి మొహర్రం తిరిగి ఎలా వెలిగింది?

మొదటి నిజాం పూర్వీకులు మధ్య ఆసియా నుంచి వచ్చిన తూరానీ సున్నీలు. అతని తాత గోల్కొండ ముట్టడిలోనే మొగలుల పక్షాన ప్రాణాలు విడిచాడు. అటువంటి వంశం గోల్కొండ షియా ఆచారాలను ఆదరించడం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. రెండో నిజాం అలీ ఖాను బాద్‌షాహీ ఆషూర్‌ఖానాను బాగుచేయించి, బయట కొయ్య స్తంభాల మండపాలు చేర్చాడు. షుస్తర్ సయ్యదుల వంశానికి చెందిన మీర్ ఆలం దివాను అయ్యాడు, తరువాత సాలార్‌జంగులు. షియా దివానులు, సున్నీ ప్రభువులు కలిసి నడిపిన రాజ్యంలో మొహర్రం అందరి వేడుకగా మారింది. లంగర్ ఊరేగింపు నిజాం సైన్యాల కవాతుగా రూపుమారి, అందులో అరబ్బులు, రోహిలాలు, సిక్కులు కూడా నడిచేవారు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాను స్వయంగా బీబీకా ఆలంకు దట్టీ (ఆలంకు కట్టే వస్త్రం) సమర్పించేవాడు, శోకగీతాలు రాసేవాడు, తల్లి జ్ఞాపకార్థం మూసీ ఒడ్డున అజాఖానా-ఎ-జెహ్రా కట్టించాడు.

ఢిల్లీతో తెగిపోయిన నిజాములకు ఈ గడ్డ మీద తమ పూర్వీకులెవరో చూపుకోవలసిన అవసరం వచ్చింది. కుతుబ్ షాహీల వారసత్వాన్ని సొంతం చేసుకోవడమే అందుకు దగ్గరి దారి.

పల్లెల్లో పీర్ల పండుగ ఎలా నిలిచింది?

రాజాదరణ పోయిన నూరేళ్ళలో మొహర్రాన్ని కాపాడింది పల్లెలని నా నమ్మకం. కుతుబ్ షాహీల కాలంలో ఊరూరా ఆషూర్‌ఖానాలకు ఇనాము భూములు ఏర్పడ్డాయి. వాటితో పాటే వడ్రంగి ఏమివ్వాలి, కుమ్మరి ఏమివ్వాలి, డప్పు ఎవరు కొట్టాలి, గుండానికి కట్టెలు ఎవరు తేవాలి అనే ఊరి కట్టుబాట్లు కుదురుకున్నాయి. సుల్తాను పోయినా కట్టుబాటు పోలేదు. పెట్టెలో భద్రపరచిన పీర్లు నెలవంక కనబడగానే బయటికి వస్తాయి. పీర్ల సావిడి, అంటే పల్లెలోని ఆషూర్‌ఖానా, ముందు తొలి గుద్దలి వేసి గుండం తవ్వుతారు. ఊదు పొగ వేసి, దట్టీలు కట్టి, కుడుకల దండలు వేసి పీర్లను నిలబెడతారు. మలీదా, బెల్లపు పానకం పంచుతారు. పిల్లలు లేనివారు, జబ్బుపడ్డవారు మొక్కుకుని ఫకీర్లవుతారు. రాత్రుళ్ళు గుండం చుట్టూ తిరుగుతూ 'అసోయ్ దూలా' అంటూ అలాయి ఆడతారు. ఆ మాటలో హసన్, హుసేన్ పేర్లు దాగి ఉన్నాయని ఆడేవారిలో అందరికీ తెలియదు. 'దూలా' అంటే పెళ్ళికొడుకు. కర్బలాలో పెళ్ళిపీటల మీద నుంచే యుద్ధానికి వెళ్ళాడని చెప్పుకునే కాసీం కథ ఆ పదంలో మిగిలింది.

పల్లెల్లో పీరును పట్టేది, సావిడిని చూసుకునేది చాలాచోట్ల సున్నీ ముజావర్లు, దూదేకులవారు, కొన్ని ఊళ్ళలో హిందువులు. హసన్, హుసేన్, మౌలాలి పీర్ల పక్కనే దస్తగిరి పీరు నిలబడుతుంది. దస్తగిరి అంటే బాగ్దాదులో సమాధి ఉన్న సున్నీ సాధువు అబ్దుల్ ఖాదిర్ జీలానీ. ఆ బాగ్దాదు కోసమే సఫవీలూ ఒట్టోమన్లూ నూట ముప్పై ఏళ్ళు రక్తం చిందించారు. ఇక్కడ మాత్రం ఆ సున్నీ గురువు షియా ఇమాములతో ఒకే అరుగు మీద కుడుకల దండ వేసుకుని నిలబడ్డాడు.

రాయలసీమలో హిందూ ఇళ్ళలో హుసేనప్ప, హుసేనమ్మ, కుళ్ళాయప్ప, దస్తగిరి, ఫకీరప్ప అనే పేర్లు ఇప్పటికీ వినిపిస్తాయి. ఖుత్బాలో పన్నెండు పేర్లు చదవాలా నాలుగా అని పాదుషాలు పత్రాలు రాసుకున్నారు. ఇక్కడ మొక్కుకుని కన్న బిడ్డకు ఆ పేరు పెట్టుకున్నారు, దాన్ని మార్చమని రాయడానికి ఏ రాయబారీ రాలేదు.

ఇరానీ చాయ్ కూడా గోల్కొండ కాలం నుంచి వచ్చినదేనా?

కాదు. ఇరానీ హోటళ్ళు పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన వేరే వలసవారివి. కుతుబ్ షాహీల పేరు చెప్పి చాయ్ అమ్మేవారి మాట నమ్మనక్కరలేదు.

లక్నోలో జరిగినట్టు ఇక్కడ షియా, సున్నీ గొడవలు ఎందుకు జరగలేదు?

లక్నోలో 1930లలో సున్నీలు ఖలీఫాల స్తుతిని ఊరేగింపుగా చదవడం, దానికి షియాల ప్రతిఘటన పెద్ద ఘర్షణలయ్యాయి. 1977 నుంచి సుమారు ఇరవై ఏళ్ళు అక్కడ మొహర్రం ఊరేగింపులనే నిషేధించారు. అక్కడ షియా నవాబుల పాలన పోయాక వారి స్థానం కోసం పోటీ మిగిలింది. హైదరాబాదులో సున్నీ ప్రభువే మొహర్రానికి కర్త కాబట్టి ఆ రకమైన కక్షకు చోటు తక్కువ. నగరంలో అసలు మనస్పర్థలే లేవనడం అతిశయోక్తి అవుతుంది. వీధికెక్కిన తగాదాగా అవి ఎదగలేదన్నది సరైన మాట.

ఇప్పటి ఇరాన్, సౌదీ పోటీ ఇక్కడి ఆచారాలను తాకిందా?

తాకింది, కాని సైన్యాల రూపంలో కాదు. 1979 ఇరాన్ విప్లవం తరువాత పాతబస్తీ షియా మజ్లిసుల (శోకసభల) వేదికల మీద ఆ దేశపు మతనాయకుల చిత్రపటాలు కనబడసాగాయి. 2003 తరువాత ఇరాక్ దారి తెరుచుకోవడంతో హైదరాబాదు షియాలు కర్బలాకు యాత్రలు చేస్తున్నారు. ఒకప్పుడు ఇక్కడి ఆలం ముందే కర్బలాను ఊహించుకున్నవారికి ఇప్పుడు అసలు కర్బలా అందుబాటులోకి వచ్చింది. అటు గల్ఫు దేశాలకు పనికి వెళ్ళి వచ్చిన సున్నీలతోనూ, మత సంస్కరణ బోధకులతోనూ, పీర్లను పట్టడం ఇస్లాంకు విరుద్ధమన్న మాట పల్లెలకు చేరింది. కొన్ని ఊళ్ళలో ముస్లిం కుటుంబాలు తప్పుకున్నాయి. పీరును హిందువులే లేపుకుంటున్నారు. విశేషమేమంటే అలాయి ఆటనూ పులివేషాలనూ షియా పండితులు సైతం మెచ్చరు, అది శోకదినం కదా అంటారు. టెహ్రానుకూ రియాదుకూ ఏకాభిప్రాయం కుదిరే అరుదైన విషయాలలో మన పీర్ల పండుగ ఒకటి కావచ్చు.

ఇదంతా కళ్ళతో చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

మౌలాలి గుట్ట, మీర్ మోమిన్ దాయిరా (శ్మశానవాటిక), దబీర్‌పురా చూడదగినవే. ఒక్కచోటికే సమయముంటే పత్తర్‌గట్టి దగ్గరి బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకు వెళ్ళండి. ముందు నిజాం కట్టించిన కొయ్య స్తంభాల మండపం దాటుతారు. లోపల గోడల పైభాగాన నాలుగు వందల ఏళ్ళ నాటి మెరుగుపలకలలో ఆలంల ఆకారాలు మెరుస్తుంటాయి. కొంచెం కిందికి చూస్తే అదే నమూనా ఉంటుంది గాని మెరుపు ఉండదు. 1908 మూసీ వరదలో కింది పలకలు పాడైతే, ఆ మేరకు గోడకు గచ్చు పూసి రంగులతో చిత్రించారు.